పురుగులకూ అండి

కొండాపూర్ ఫ్లాట్‌లో నాతో ఉన్న కాకినాడ కుర్రాడు ఎవర్నీ నువ్వు అనేవాడు కాదు. డెలివరీ వాళ్లనే కాదు, తన పిల్లి ఒంటి మీద గెంతే పురుగులను కూడా మీరు అనేవాడు.

ఆ పురుగులు మా మంచాలెక్కాక ఓనరమ్మ తేల్చేసింది. "ఐతారం వచ్చి చూస్త. ఒక్క పురుగు కండ్లవడ్డా పిల్లి పోవాలె, ఇగ మీ ఇష్టం."

అతను దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికాడు. పశువుల డాక్టరిచ్చిన మందు పిల్లి మెడ మీద వేశాడు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, పురుగులను సబ్బునీళ్ల గిన్నెలోకి సాగనంపేవాడు. "ఇలా దయచేయండి."

"చంపెటప్పుడు గూడ మర్యాదేంది భాయ్?" అన్నాను.

"వాళ్లు మనకేం చేశారండి, కుట్టడం తప్ప?"

ఆదివారం ఓనరమ్మ తెల్ల సాక్సులు తొడుక్కుని గదులన్నీ తిరిగింది. పురుగెక్కితే నల్లగా కనబడుతుందట. మేమిద్దరం ఆమె పాదాలే చూస్తూ ఊరేగింపులా వెంట నడిచాం.

"ఏం లేవు తియ్. ఉండనియ్ పిల్లిని."

అతను పిల్లిని గుండెకు హత్తుకున్నాడు. "బతికిపోయావే నువ్వు!"

అతని నోట నువ్వు వినడం అదే మొదలు. ఆ హోదా ఎలా వస్తుందో నాకిప్పటికీ తెలియదు. ఫ్లాట్ ఖాళీ చేసిన రోజు నాతో "వస్తానండి" అనే అన్నాడు.