యేసమ్మ పరిచిన గొర్రెబొచ్చు

కొల్లేటి లంకల్లో ఉట్టి యేసమ్మ అంటే ఏ యేసమ్మ అని అడుగుతారు గానీ, "అడిగి చెప్పే యేసమ్మ" అంటే అటు కలిదిండి దాకా తెలుసు. మనిషి బంగారం. తుంగచాప అల్లిందంటే ఏలూరు బజారులో దానికి బేరం లేదు, పట్టుకుపోవడమే. కానీ ఏ సంగతి అడిగినా ఒకటే జవాబు: "ఉండండి, ప్రభువుని అడిగి చెప్తాను." దూడని అమ్ముతావా? అడిగి చెప్తాను. పొరుగూరు పెళ్ళికి వస్తావా? అడిగి చెప్తాను. ఇవాళ నీ ఇంట్లో పులుసా, ఇగురా అన్నా అదే మాట అంటుందని జనం నవ్వుకునేవారు.

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. ఆవిడ బాధ ఆవిడది. మొగుడు జ్వరంతో మూలుగుతుంటే, "రేపటికి తగ్గకపోతే ఏలూరు తీసుకెళ్దాంలే" అనుకుంది. తెల్లారేసరికి మనిషి లేడు. అప్పట్నుంచి తన బుర్ర మీద తనకే నమ్మకం పోయింది. చేతిలో చూస్తే చిన్నపిల్ల సలోమి. మంచికీ చెడుకీ తేల్చాల్సింది తనొక్కతే. మళ్ళీ తన తెలివి ఏ కొంప ముంచుతుందోనని హడలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, దేవుణ్ణి అడిగితే తప్పేముంది?

అడగడంలో తప్పు లేదు. అడిగిన పద్ధతిలోనే వచ్చింది చిక్కంతా.

లంకలో తాటాకు గుడికి ఉపదేశి ఎలీయాజరుగారు. ఒక ఆదివారం ఆయన పూర్వకాలపు కథ ఒకటి చెప్పారు. యుద్ధానికి వెళ్ళాలో వద్దో తేల్చుకోలేని ఒక పెద్దమనిషి, కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, "తెల్లారేసరికి నేల పొడిగా ఉండి ఇదొక్కటే తడిస్తే, నీ మాట నమ్ముతాను" అని దేవుడితో అన్నాడట. అలాగే తడిసిందట. ఆ తర్వాత ఆయనింకా చాలా చెప్పారు గానీ, సలోమికి దగ్గుతెర పట్టుకుంటే యేసమ్మ పిల్లనెత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ చెవిని పడింది అంతవరకే.

ఏలూరులో తివాచీలు నేసే మొహిద్దీన్ గారింటికి యేసమ్మ చాపలు వేసేది. నేసిన తివాచీలు వాటిలో చుట్టి ఊళ్ళకి పంపుకునేవారు. ఆ వారమే వాళ్ళింట్లో పనికిరాని గొర్రెబొచ్చు ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంది. ఇక చూడండి! సాయంత్రం దాన్ని వాకిట్లో పరిచి, మోకాళ్ళూని, సంగతి దేవుడికి విన్నవించి పడుకునేది. పొద్దున్నే లేచి చేత్తో నొక్కి చూసేది. తడిగా ఉంటే సరే అన్నట్టు, పొడిగా ఉంటే వద్దన్నట్టు. నేల సంగతి చూడనే లేదు. కొల్లేటి గడ్డన నేల పొడిగా ఉంటుందా ఏమిటని ఆవిడ లెక్క.

ఆ ప్రాంతం వాళ్ళకి ఈపాటికి నవ్వొచ్చే ఉంటుంది. చలికాలం వచ్చిందంటే అక్కడ మంచుకి చూరు నుంచి నీళ్ళు కారతాయి. వేసవిలో వడగాలికి నాలుక కూడా ఎండిపోతుంది. అంచేత వానాకాలం, చలికాలం దేవుడు యేసమ్మతో అన్నిటికీ సరే అనేవాడు, వేసవి వస్తే అన్నిటికీ వద్దనేవాడు! పాకల కప్పు తాటాకుతో నేయించుకునేదేమో వేసవిలోనాయె. ఏటా వద్దనే జవాబు రావడంతో యేసమ్మ పాక సరిగ్గా నేయించిన పాపాన పోలేదు. వానొస్తే తల్లీకూతుళ్ళు కారే చోటల్లా కుండలు పెట్టుకుంటూ కూర్చునేవారు. "ప్రభువు చిత్తం" అనేది పైగా.

ఊళ్ళో వాళ్ళు కనిపెట్టేశారు. వరసకి కొడుకయ్యే సత్తిబాబు, తన్నే గేదెని ఆవిడకి అంటగట్టాలనుకుని, మంచు పట్టేదాకా ఆగి మరీ వచ్చాడు. "నేను తొందరపెట్టను పిన్నీ, ప్రభువునే అడుగు" అన్నాడు వెధవ! ఆ గేదె పాలిచ్చినా ఇవ్వకపోయినా తన్నులకి మాత్రం లోటు చెయ్యలేదు.

గేదెతోనే పోతే బాగానే ఉండేది. సలోమికి పెళ్ళీడొచ్చింది.

క్రిస్మసు ముందు, మంచు దట్టంగా పడే రోజుల్లో, తాడేపల్లిగూడెం నుంచి దీనమ్మ అనే ఆవిడ సంబంధం పట్టుకొచ్చింది. కొడుకు కనకరాజు బియ్యం మిల్లులో పని. మొదటి పెళ్ళాం పోయిందనీ, మీ పిల్లనిస్తే కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటామనీ చెప్పింది. అబ్బాయి కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన క్రాపు. ఇక ఆ గొంతు! కూర్చున్నవాడు కూర్చున్నట్టే కీర్తన ఎత్తుకుంటే పక్క పాకల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అంతకుముందే సలోమి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం యేసమ్మ గొర్రెబొచ్చు పరిచింది. పొద్దున పిండితే ధారకట్టింది. "ప్రభువు సరే అన్నాడు వదినా" అని మాటిచ్చేసింది. క్రిస్మసు వెళ్ళగానే పెళ్ళి అనుకున్నారు.

సలోమి ఔననలేదు, కాదనలేదు. అన్నం కెలికి వదిలేసేది. చాప అల్లుతూ అల్లుతూ ఎక్కడో చూస్తూ ఉండిపోయేది. పెళ్ళంటే ఏ ఆడపిల్లకైనా బెంగేలే అనుకుంది తల్లి.

పెళ్ళిబట్టల కోసం యేసమ్మ చాపలకట్ట వేసుకుని ఏలూరు వెళ్ళింది. మొహిద్దీన్ గారి భార్య మరియంబీ కుంపటి చుట్టూ ఉన్ని ఆరబోసుకుని, ఒకటే విసుక్కుంటోంది.

"ఏం చెప్పను యేసమ్మా, ఈ మంచు రోజులొస్తే మా ప్రాణం మీదికొస్తుంది. రాత్రి వసారాలో మరిచిపోయామా, పొద్దునకి ఉన్ని అంతా నీళ్ళే. గాల్లో తేమంతా తాగేస్తుంది. ఎండలొచ్చేదాకా మాకీ కుంపటి తప్పదు."

"రోజూ తడుస్తుందాండీ బీబీగారూ?" అంది యేసమ్మ.

"తడవక? ఉన్ని గుణమే అంత. మీ కొల్లేటి గట్టున ఇంకా ఎక్కువ తడుస్తుంది."

"మరి ఎండాకాలం?"

"ఎండాకాలం తడవమన్నా తడవదు."

యేసమ్మ నిలబడ్డచోటే కూలబడింది. మరియంబీ కంగారుపడి మంచినీళ్ళిస్తే తాగకుండా పక్కన పెట్టేసింది. పాక, గేదె, ఇన్నేళ్ళ సరేలూ వద్దులూ అన్నీ కళ్ళముందు తిరిగాయి. పోతే పోయాయి. కానీ పిల్ల! పిల్లని మంచు చూసి ఇచ్చేసింది. బట్టల మాట మరిచి, దోనె ఎక్కి, నేరుగా ఎలీయాజరుగారి గుమ్మంలో దిగింది.

ఆయన సంగతంతా విన్నారు. గేదె దగ్గర నవ్వాపుకోలేకపోయారు గానీ, సలోమి పేరు వచ్చేసరికి మొహం మారిపోయింది.

"పెళ్ళివారి ఊరెళ్ళి విచారించావా తల్లీ?"

"లేదండి."

"ఇరుగుపొరుగుని అడిగావా?"

"లేదండి. ప్రభువుని అడిగాను కదా అని..."

"గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఎలాగమ్మా?"

యేసమ్మ భోరుమంది. "నా తెలివి సంగతి మీకు తెలీనిదాండీ అయ్యగారూ! రేపు చూద్దాంలే అనుకుని ఆయన్ని చేతులారా చంపుకున్నాను. మళ్ళీ నా బుర్రనెలా నమ్మమంటారండీ?"

ఎలీయాజరుగారు వచ్చి ఆవిడ పక్కనే గుమ్మంలో కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "జ్వరాన్ని నువ్వు పిలిచావా? ఆ రోజు మీ ఇంట్లో నేనూ ఉన్నాను, రేపు తీసుకెళ్దామని నేనూ అన్నాను. ఆ కథలో పెద్దమనిషి ఏం చెయ్యాలో దేవుడు ముందే చెప్పాడమ్మా. చెప్పినా ధైర్యం చాలక బొచ్చు పరిచాడు. నువ్వు జ్ఞానం కావాలని అడుగు. అడిగినవాళ్ళని ఆయన కసరడు. కానీ ఇచ్చే జ్ఞానం నీ బుర్రలో పెడతాడు గానీ బొచ్చులో పెట్టడు. కళ్ళిచ్చాడు, చూడు. నోరిచ్చాడు, అడుగు."

"మరి మాటిచ్చేశానండి."

"తెలియక ఇచ్చావు. తెలిశాక కూడా పట్టుకు వేలాడితే అది భక్తి కాదు, మొండితనం. వెళ్ళి చూసిరా. మంచివాళ్ళయితే పెళ్ళికి నేనే ముందుంటాను."

ఆ పూట యేసమ్మ వాకిట్లో ఏమీ పరచలేదు. "నాకు భయంగా ఉంది తండ్రీ, తెలివి ఇయ్యి" అని మాత్రం అంది. పొద్దున్నే ఏలూరు చేరి రైలెక్కింది.

తాడేపల్లిగూడెంలో కనకరాజు ఇంటికి వెళ్ళలేదు. ఆమాత్రం తెలివి దేవుడు అప్పటికే పెట్టాడు. ఆ పక్కింటి మంగాయమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతుంటే దగ్గర కూర్చుని, మాటల్లో పెట్టి, "పాపం, కనకరాజు పెళ్ళాం ఎలా పోయిందండీ?" అంది.

మంగాయమ్మ చేట కింద పెట్టేసింది. "పోవడమేమిటండీ? ఎవరన్నారండీ ఆ మాట? నిక్షేపంలా ఉంటేను! ఉంగుటూరులో పుట్టింట్లో ఉందండి. దాని ఆయుష్షు గట్టిది కాబట్టి ఉంది. ఆ ఇంట్లోనే ఉంటే పోయేదే."

యేసమ్మ ఎడ్లబండి పట్టుకుని ఉంగుటూరు వెళ్ళింది. అడుగుతూ అడుగుతూ వెళితే, కాలవగట్టు పక్క పాక ముందు రూతమ్మ కనిపించింది. ఎడమచేత్తో చిన్న బుట్టలోకి పిడకలు ఏరుకుంటోంది. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. యేసమ్మ దాపరికం లేకుండా వచ్చిన పని చెప్పేసింది.

"పాట పాడాడాండీ?" అని అడిగింది రూతమ్మ.

"పాడాడమ్మా."

"నేనూ ఆ పాట వినే చేసుకున్నానండి."

యేసమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, నా పిల్ల తప్పించుకుంది కదా అని లోపల సంతోషం పొంగుకొస్తుంటే ఆ సంతోషానికి సిగ్గుపడింది. రూతమ్మే ఓదార్చింది. "మీరొచ్చి అడిగారండి. మావాళ్ళు అడగలేదు" అంది.

మర్నాడు యేసమ్మ వెనక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి దీనమ్మ గుమ్మంలో నిలబడింది. ఈ పెళ్ళి జరగదు అంది.

దీనమ్మ చేతులు తిప్పుతూ వచ్చింది. "అదేమిటి వదినా! ప్రభువు సరే అన్నాడని నువ్వేగా చెప్పావు? దేవుడి మాట కాదంటావా?"

"దేవుడనలేదు వదినా. మంచు అంది. రూతమ్మ బతికుండగా నా పిల్లనెలా అడిగావు?"

దీనమ్మ తలుపు దడాలున వేసుకుంది. వీధిలోకి వచ్చాక యేసమ్మకి ఎంత తేలికైందంటే, స్టేషను దాకా నడిచిందో ఎగిరిందో తనకే తెలియలేదు. మొగుడు పోయాక సొంత నోటితో ఒక మాట అనడం అదే మొదలు. అన్నాక ఆకాశమేమీ విరిగి పడలేదు!

ఇల్లు చేరేసరికి సలోమి పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోస్తోంది.

"వద్దని చెప్పేశానే."

సలోమి తల్లి మొహంలోకి చూసింది. నమ్మకం కలగక మళ్ళీ చూసింది. అక్కడే కూర్చుని, ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా వదిలేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో చెప్పింది. ఆ రోజు మంచినీళ్ళిస్తుంటే గ్లాసు ఒలికి అతని చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి. అతను నవ్వుతూనే, ఎవరికీ కనపడకుండా, గ్లాసు కింద సలోమి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఆ తర్వాతే కీర్తన ఎత్తుకున్నాడు.

"ఓసి పిచ్చిదానా! నాతో ఒక్క మాట అనలేకపోయావటే?"

"నువ్వు దేవుణ్ణి అడుగుతున్నావు కదమ్మా. ఆయనే సరే అన్నాక, ఇక నేను వద్దంటే ఎవరు వింటారు?"

యేసమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆ మణికట్టుని రెండు చేతుల్లోకీ తీసుకుంది. దాన్ని నిమురుతూ అంది.

"ఇప్పుడు చెప్పవే తల్లీ. నీకేం కావాలో, ఏం వద్దో, అన్నీ చెప్పు. నేను వింటాను."

సలోమి చెప్పడం మొదలుపెట్టింది. పొయ్యి మీద అన్నం మాడు వాసన వేస్తున్నా యేసమ్మ లేవలేదు.