అక్క తడిపిన చారెడు నేల

ఆయన్ని ఆఫీసులో అందరూ పొడి బాబాయి అనేవారు. మాట పొడిపొడిగా ఉంటుందని కొందరు, పొద్దస్తమానం ఓవెన్‌లో ఆకులూ మట్టీ ఎండబెడుతుంటాడని కొందరు. ఉపగ్రహం పైనుంచి వెళ్ళే ఉదయాన చేలోకి పోయి, చదరపు మీటరు మేర పైరును మొదలంటా కోసి, కింది మట్టిని గొట్టంతో తీసి సంచుల్లో బిగించి తేవడం ఆయన పని. పచ్చిగా ఒకసారి, ఎండాక ఒకసారి తూస్తే, ఆ తేడా ఎంతో అంత నీరు. ఆకాశం నుంచి వచ్చిన లెక్కను ఆ తేడాతోనే సరిచూసేవారు. ఇరవై రెండేళ్ళు అదే చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక పెంచిన అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలవలో మిగిలిన కాసిని నీళ్ళు ఏ పాయకు వదలాలో ఉపగ్రహం గీసిన తడి పటం చూసి తేలుస్తామన్నారు పైవాళ్ళు. పటాన్ని సరిచూడ్డానికి పాయకొకటి చొప్పున చీట్లు వేసి ఎంచిన చేలల్లో అక్కది కూడా వచ్చింది. కోతకు ముందురోజు ఆయనే వెళ్ళి నాలుగు మేకులు కొట్టి తాడు కట్టివచ్చాడు.

తెల్లవారి వెళ్ళేసరికి చేనంతా ఆకులు ముడుచుకుని ఉంది. మేకుల మధ్య మాత్రం పైరు తలెత్తి నిలబడింది. నేల నల్లగా ఉంది.

"ఇదేంటక్కా?"

"రాత్రికి తెచ్చుకున్న నాలుగు బిందెలూ పోశాను లేరా. సొంత అక్క చేను ఇంత దిక్కుమాలినట్టుందేంటని మీవాళ్ళు నిన్నంటే నాకు నామోషీ కాదూ?"

ఆయన అధికారికి ఫోన్ చేశాడు. "సార్, ఇక్కడ నీళ్ళు పోశారు. పక్కన కోస్తాను."

"ఎవరిదా చేను?"

"మా అక్కది."

"అదీ సంగతి! ఎండిన చోటు వెతికి కోస్తే కాలవ ఇటు తిరుగుతుందనా? ఈ తెలివి నా దగ్గర కాదు బాబాయ్. మేకులున్న చోటే కొయ్యి."

కోశాడు. ఆ చేలో బతికున్నది అంతే. సంచి మూతి అక్కే పట్టుకుంది.

అక్క చేనున్న పాయంతా ఎండిందనే ఉపగ్రహం చెప్పింది. ఆయన తూకం తడి ఉందని చెప్పింది. నేల మీద కొలిచిందే ఖాయమని అధికారి పటాన్ని దిద్దించాడు. నీళ్ళు అవతలి పాయకు వెళ్ళాయి. ఇరవై రోజుల్లో ఇటు చేలన్నీ మాడిపోయాయి.

రైతులు ఆఫీసు ముందు గుమిగూడారు. వాళ్ళలో అక్క కూడా ఉంది.

"బాబాయ్, తూకంలో తప్పుందా? అందరూ వినేలా చెప్పు," అన్నాడు అధికారి.

"లేదు సార్."

"వేరే ఏమైనా చెప్పాలా?"

ఫోన్‌లో చెప్పిన మాట ఇద్దరికీ గుర్తుంది. పొడి బాబాయి నేలకేసి చూశాడు. "లేదు సార్."

"మరి మా చేలు తడిగా ఉన్నాయని ఎవడు రాశాడ్రా?" అని ఒకాయన మీదికి రాబోయాడు. అక్క అడ్డం వచ్చింది.

"వాణ్నేమీ అనకండి. నీళ్ళు నేను పోశాను. వాడికి తెలీదు."

ఆయన లోపలికి వెళ్ళి ఓవెన్ ముందు కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆ పాయ మీద ఎవరూ ఆమె బిందెను తమ పంపు కింద పెట్టనివ్వలేదు.