ఫ్లెక్సీకెక్కిన యుద్ధనౌక

మా మేడ మీది గది కిరాయికి ఇద్దామని, బోర్డు వేయించడానికి ఈ సాయంత్రం శంషాబాద్‌లో ఒక ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లాను. నాకంటే ముందు పక్క ఊరు మంఖాల్ నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. కొడుకు నేవీలో చేరాక మొదటిసారి సెలవు మీద వస్తున్నాడట. ఊరి మొదట్లో స్వాగతం ఫ్లెక్సీ కట్టాలని ఆయన ముచ్చట. దుకాణదారు నెట్‌లో వెతికి, విమానాలు బారులు తీరిన పెద్ద యుద్ధనౌక బొమ్మ ముందు కొడుకు ఫొటో నిలబెట్టాడు. నా కంటికైతే బొమ్మ అదిరిపోయింది. ఆయన ఒప్పుకోలేదు.

“ఇది మావోనిది కాదు తమ్మీ. దీనిమీద మన ఎయిర్‌పోర్ట్ లెక్క రన్‌వే ఉంటది. దీనికన్న చిన్నది డిస్ట్రాయర్, ఇంకా చిన్నది ఫ్రిగేట్. మావోనిది దానికన్న చిన్నది, కార్వెట్ అంటరు. నీళ్ల కింద దాక్కున్న సబ్‌మెరైన్లను దేవులాడుతది.”

“చిన్న ఓడ పెడితే ఏం మంచిగుంటది కాకా? ఊర్లె ఎవరికెరుక?”

“మావోనికి ఎరుక కదా. బస్సు దిగంగనే సిగ్గుపడతడు.”

దుకాణదారు కార్వెట్ బొమ్మ వెతికి పెట్టాడు. ఆయన తృప్తిగా చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు: “ఓడ గింతే ఉండనియ్. మావోని మొకం మాత్రం జర పెద్దగ చెయ్.”

ఫ్లెక్సీలో గొప్ప తగ్గించి వేయమన్న మనిషిని నేను ఈరోజే చూశాను. మీరెవరైనా చూశారా?

నా వంతు రాగానే, నా బోర్డుకి రాసుకెళ్లిన ‘విశాలమైన గది’లోంచి ‘విశాలమైన’ తీయించేశాను. కావలసినవారు చెప్పండి. మంచం వేశాక కూడా తలుపు తెరుచుకుంటుంది.