పన్నెండు సీట్ల వ్యాను

మా తమ్ముడి కొడుకు మొన్న ఆదివారం కుటుంబం గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయిన పాత రోడ్డు మ్యాపు, దాని మీద ఎర్ర సిరాతో గీసిన గీత. విశాఖపట్నం నుంచి అరకు, అక్కణ్ణించి జోలాపుట్ జలాశయం, ఆపైన జగదల్‌పూర్ అవతలి అడవి. కింద 'తాతయ్య వేసిన రూటు' అని రాసి, డిసెంబరులో అందరం కార్లలో ఇదే దారిన వెళ్దామన్నాడు. వెంటనే చప్పట్ల బొమ్మలూ, దండాల బొమ్మలూ వరస కట్టాయి. 'ఆ రోజుల్లోనే నాన్నకి ఎంత ముందుచూపో' అని మా తమ్ముడు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందుచూపట. ఆ రూటు వేసింది మా అమ్మ. ఎర్ర పెన్ను పట్టుకున్నది మాత్రం నాన్న. ఈ మాట అంటే అత్తకి కోపం ఎక్కువంటారు పిల్లలు. ఎక్కువే మరి. నలభై ఏళ్ళకు పైగా జాడీలో ఊరుతున్న కోపం ఇది.

నాన్న పోర్టులో టగ్గు మీద సరంగు. పెద్ద పెద్ద ఓడలకు తాళ్ళు తగిలించి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవకి ఆయన పెద్ద. నీళ్ళ మీద ఆయనకు తిరుగు లేదు, అది నేనూ ఒప్పుకుంటాను. నేల మీదికి వస్తేనే చిక్కు. డెబ్భైల చివర ఒక చలికాలంలో ఆయనకూ, క్రేను నడిపే మావయ్యకూ, స్టోర్సులో పనిచేసే మావయ్యకూ కలిపి ఒకేసారి పిచ్చి పట్టింది. కొండలూ, సరస్సులూ, పులులున్న అడవీ చూసి రావాలట. ఆ అడవిని ఇప్పుడు జాతీయ వనం అంటున్నారు గానీ అప్పటికి ఉత్త అడవే. ఇంటికి నలుగురు చొప్పున మూడు కుటుంబాలు, అద్దెకి పన్నెండు సీట్ల వ్యాను. ప్రతి ఆదివారం మా క్వార్టర్సు వరండాలో సభ జరిగేది. వన్ టౌన్‌లో కొన్న మ్యాపు పరిచి, నాన్న దాని మీద దారం బిగించి లాగేవాడు. సముద్రం మీద దూరం అలా కొలుస్తారు కాబట్టి కొండల మీదా అలాగే కొలవొచ్చని ఆయన నమ్మకం. ఇక్కణ్ణించి అరకుకి దారం లాగి, స్కేలు పెట్టి చూసి, "రెండు గంటలు బావా, టిఫినీలు అక్కడే" అనేవాడు. మావయ్యలిద్దరూ గంభీరంగా తలలూపేవారు. ఒకాయనకి క్రేను పైకీ కిందికీ వెళ్ళడం తప్ప తెలియదు. రెండో ఆయనకి స్టోర్సు గది తాళం తప్ప తెలియదు.

ఆ దారి తెలిసిన మనిషి వంటింట్లో టీ కాస్తూ ఉంది. అమ్మది శృంగవరపుకోట పక్క పల్లె. మా తాత కొండ సంతల్లో పసుపూ చింతపండూ కొని కిందికి తెచ్చేవాడు. పదకొండేళ్ళు వచ్చేదాకా అమ్మ ఆయనతో ఎడ్లబండి మీద ఆ ఘాటీ రోడ్డు ఎక్కీ దిగీ పెరిగింది. పెద్దమనిషి అయ్యాక మానిపించేశారు. ఒక ఆదివారం గ్లాసుల పళ్ళెంతో వచ్చి మ్యాపు వంక చూసి, "దారం అలా సాచితే ఎలాగ? ఆ రోడ్డు తిన్నగా ఎల్దు, మెలికలు తిరుక్కుంటూ ఎల్తాది. నాలుగ్గంటలు కావాల" అంది. "నీకేటి తెలుసే, మ్యాపు సెప్తంది కదా" అన్నాడు నాన్న. అమ్మ పళ్ళెం కింద పెట్టి, ఆ దారం తీసుకుని, ఒక్కో మలుపూ గుర్తు తెచ్చుకుంటూ వేలితో తిప్పి తిప్పి పరిచింది. అరకు చేరకుండానే దారం అయిపోయింది. మావయ్యలు నవ్వారు. మరుసటి ఆదివారం నాన్న, "నాలుగ్గంటలు పడతాది బావా, మలుపులున్నాయి కదా" అన్నాడు, అదేదో టగ్గు మీద తనకే తోచినట్టు. ఇక ప్రతివారం అదే తంతు. ఏ రోజు ఏ ఊళ్ళో సంత, మంచు ఎప్పుడు విడుతుంది, ఇవన్నీ అమ్మ చెప్పినవే. అరకు అవతల దారి తనకి తెలియకపోతే, మా వీధి కుళాయి దగ్గర నీళ్ళకి ఆగే లారీ డ్రైవర్లను అడిగి జగదల్‌పూర్ దాకా కనుక్కుంది. ఇంతా చేసి ఆమె కోరుకున్నది పులిని కాదు. "అనంతగిరి దాటాక ఎడం సేతి వైపు రాతిలోంచి ఊట వస్తాది. మా నాన్న బండి ఆపి నా మొకం కడిగేవోడు. అది ఇంకా ఉందో లేదో సూడాల" అని నాతో వంటింట్లో ఎన్నిసార్లు అందో.

ఇంకో వారంలో ప్రయాణమనగా నాన్న పైఅధికారి, భార్యనీ కొడుకునీ తీసుకుని తానూ వస్తానన్నాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. మూడు సీట్లు కావాలి, అంటే ఇంటికొకరు ఆగిపోవాలి. ఎవరు ఆగాలన్నది మూడిళ్ళలో ఒక్క ఇంట్లోనూ చర్చకే రాలేదు. "ఘాటీలో ఆడోలకి కళ్ళు తిరుగుతాయి బావా" అని క్రేను మావయ్య తీర్పు చెప్పాడు. పైఅధికారి భార్య ఆడది కాదు కాబోలు. నాన్న వంటింటి గడప దగ్గర నిలబడి, "ఈపాలికి ఉండిపో. ఇంకోపాలి నువ్వూ నానూ ఎల్దాం" అన్నాడు. అమ్మ ఆ ప్రయాణం కోసమే సున్నుండలు చుడుతోంది. "అలాగే" అంది. చుట్టడం ఆపలేదు. సిగ్గుండాలి ఆ మగాళ్ళకి. దారి ఆమెది, తిండి ఆమెది, సీటు మాత్రం ఆమెది కాకుండా పోయింది.

ప్రయాణం బాగుందనే చెప్పాలి, అబద్ధం ఎందుకు. ఘాటీ మొదటి నాలుగు మలుపులకే కళ్ళు తిరిగి కిటికీలోంచి కక్కినవాడు ఆ పైఅధికారే, ఆడవాళ్ళెవరూ కాదు. అరకు చేరేసరికి నాలుగున్నర గంటలు పట్టింది. "నాను ముందే సెప్పాను కదా" అన్నాడు నాన్న అందరితో. జోలాపుట్ నీళ్ళు ఆకాశమంత పరుచుకుని ఉంటే పిల్లలం అరుచుకుంటూ పరిగెత్తాం. పులి కనబడలేదు. ఫారెస్టు గార్డు బురదలో ఒక అడుగుజాడ చూపించి, అదేనన్నాడు.

ఇంతసేపూ నాన్నని దులిపేస్తున్నాను, నా సంగతి దాటేస్తున్నాను. మా ఇంటికి మిగిలిన మూడు సీట్లలో ఒకటి నాది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. 'నేను ఉంటానమ్మా, నువ్వెళ్ళు' అనడానికి ఎంతసేపు పట్టేది? ప్రయాణం కోసం కొత్త పరికిణీ కుట్టించుకున్నాను. అది కట్టుకుని వ్యానెక్కేశాను. పోనీ ఆ సీట్లో కూర్చుని ఆమె చూడాలనుకున్నదైనా చూశానా అంటే అదీ లేదు. మలుపులకి తల తిరిగి కళ్ళు మూసుకున్నదాన్ని, అరకులోనే లేచాను. తిరుగు ప్రయాణం సాలూరు మీదుగా వచ్చేశాం. ఇంటికి రాగానే, సంచీలు విప్పుతూ అమ్మ అడిగింది, "ఊట ఉందేటే?" అని. "ఉందమ్మా" అన్నాను. "నీల్లు సల్లగా ఉన్నాయా?" "సల్లగా ఉన్నాయి." ఆ వారమంతా కుళాయి దగ్గర కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంది, మా పాప తాగొచ్చిందని.

నాన్న అన్న ఇంకోపాలి రానేలేదు. నాకు ఇరవై రెండేళ్ళకు కూర్మన్నపాలెం వైపు ఒక బళ్ళో ఉద్యోగం వచ్చింది. అరకుకి రోజూ బస్సుండేది. "సెలవులకి ఎల్దామేటే?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఒకసారి పరీక్ష పేపర్లన్నాను, ఒకసారి వానలన్నాను. బస్సు దిగి ఆ మలుపు దగ్గర నిలబడితే, అక్కడ ఊటే లేకపోతే, అమ్మ నా ముఖంలోకి చూస్తుందని నా భయం. ఎనభైలు గడవకముందే అమ్మ పోయింది. నాన్న ఆమెని ఆపింది ఒక్కసారి, నేను ఆపింది ఆ అబద్ధమాడిన నాటినుంచి పదేళ్ళు. ఆ పదేళ్ళలో ఏ ఆదివారం పొద్దున బయల్దేరినా మధ్యాహ్నానికి చేరిపోయే దారి, ఇప్పుడు ఎన్నేళ్ళు నడిచినా నాకు తెగడం లేదు.