ఆరిపోయే దీపమని చెప్పింది నేనే

తొమ్మిదేళ్లుగా అందరూ నన్ను మంచిదాన్ని అంటున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ఇంతకాలం దీన్ని మోసీ మోసీ నడుం విరిగింది. మీరు నాకు చుట్టం కారు, పక్కం కారు, అందుకే మీకు చెబుతున్నాను. వినండి. కానీ ఓదార్చకండి. ఓదారిస్తే ఇక్కడే ఆపేస్తాను.

నా తమ్ముడు బతికే అవకాశం ఉందని డాక్టర్ నాతో చెప్పాడు. లేదన్నాడని నేను ఇంట్లో వాళ్లతో చెప్పాను. వాణ్ని ఇంటికి తీసుకుపోయారు. వాడు చచ్చిపోయాడు. ఇంతే. ఈ నాలుగు ముక్కలు బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది, సిగ్గులేనిదాన్ని.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. మా అవ్వ, అంటే మా అమ్మ, తమ్ముడు శ్రీను, వాడి భార్య లత, పిల్లలు ఆదిలాబాద్‌లో ఉండేవాళ్లు. వాడు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. మా వాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా రిపోర్టు ముందు నా ఫోన్‌కే వస్తుంది. డాక్టర్ మాట డాక్టర్ నోట వింటే వాళ్లకు నమ్మకం కుదరదు. అక్క చెప్పాలి. అక్క చెబితే అది వేదం.

శ్రీను తాగుడు మిల్లు గేటు దగ్గర మొదలై కాలేయం దాకా పోయింది. కాలేయం గట్టిపడితే కడుపులోకి వెళ్లే గొట్టంలో నరాలు ఉబ్బుతాయి. ఒకరోజు అవి పగులుతాయి. మొదటిసారి పగిలినప్పుడు వాడు బకెట్‌లోకి రక్తం కక్కుకుంటూ మా ఆసుపత్రికి వచ్చాడు. డాక్టర్ల కాళ్లావేళ్లా పడ్డాను. నోట్లోంచి గొట్టం దించి, పగిలిన నరాలకు రబ్బరు బ్యాండ్లు వేయించాను. నా రక్తం ఇచ్చాను. లేచి తిరిగాక బాసర తీసుకుపోయాను. అక్కడ గోదావరిలో మునిగి, తడి చెయ్యి నా నెత్తిన పెట్టి ఒట్టేశాడు, ఇక ముట్టనని.

పత్తి సీజన్ అయిపోకముందే ముట్టాడు. నేనిచ్చిన రక్తంలోనే సారా కలుపుకున్నాడు, దొంగ వెధవ. లతను కొడుతుంటే అడ్డం వచ్చిన అవ్వను తోసేశాడు. ముంజేయి విరిగింది. "బాత్రూంల జారిపడ్డ బిడ్డా" అని నాకే చెప్పింది అవ్వ. రోజూ విరిగిన చేతులు చూసే దాన్ని, జారి పడ్డదేదో తోస్తే పడ్డదేదో నాకు తెలియదా? కడుపుతీపి కళ్లు పొడుస్తుందంటే ఇదే. వాడి మీద ఎంత కోపమో అవ్వ మీదా అంత కోపం వచ్చింది నాకు.

రెండోసారి నరాలు పగిలినప్పుడు మళ్లీ మా ఆసుపత్రికే తెచ్చారు. మళ్లీ బ్యాండ్లు వేశారు. రక్తం ఆగింది. మరునాడు మధ్యాహ్నం పెద్ద డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. వాడి రక్తపరీక్షల అంకెలు ఫోన్‌లో కొట్టి, ఇలాంటి రోగి బతుకుతాడా లేదా అని అంచనా కట్టే నంబర్ ఒకటి చూపించాడు. చూపించి, ఆశ ఉందనే చెప్పాడు. ఆయన అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. వాటిని చివర చెబుతాను. "మీవాళ్లకు నేను చెప్పనా?" అన్నాడు. "నేను చెప్తలే సార్" అన్నాను.

మెట్ల కింద అవ్వ, లత కూర్చుని ఉన్నారు. అవ్వ చేతికి ఇంకా పట్టీ ఉంది. ఆ పట్టీ చూశాను.

"ఏమన్నడు బిడ్డా?" అంది అవ్వ.

"లాభం లేదన్నడు. ఇంటికి తీస్కపోదాం అవ్వా. గీడెందుకు, ఇంటికాడనే పోనియ్యి."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. లత ఏడవలేదు. నేను పైకి వెళ్లి, మావాళ్లు వినడం లేదు, తీసుకుపోతామంటున్నారని డాక్టర్‌తో చెప్పాను. "నర్సువు అయ్యుండి నువ్వు గూడ చెప్పలేవా?" అని ఆయన కసిరాడు. తల వంచుకున్నాను. మా ఇష్టం మీదే తీసుకుపోతున్నామన్న కాగితం మీద సంతకం పెట్టమంటే లత పెట్టింది. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించింది నేనే.

అంబులెన్స్‌లో వాడి పక్కనే కూర్చున్నాను. నిర్మల్ దగ్గర బాసర పోయే రోడ్డు బోర్డు కనిపిస్తే, నాకు జాలి కాదు, ఇంకా కసి పుట్టింది. ఇది కూడా చెప్పాలి కదా.

ఇంట్లో మంచం తీసేసి వాణ్ని నేల మీద పడుకోబెట్టారు. పోయేవాళ్లను అలాగే పడుకోబెడతారు మాలో. చుట్టాలు చూసిపోవడానికి వస్తున్నారు, ఒక్కొక్కరే తులసి నీళ్లు నోట్లో పోస్తున్నారు. సాయంత్రానికి వాడు కళ్లు తెరిచాడు. అందరినీ గుర్తుపట్టాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నన్నెందుకు కింద పండవెట్టిన్రు?"

"గాలి ఆడ్తదని."

"డాక్టర్ ఏమన్నడే?"

"మంచిగైతదన్నడు. జర పండుకో."

"నువ్వున్నవ్ గద. నాకేం ఫికర్ లే."

చూశారా, వాడితో మాత్రం నిజమే చెప్పాను. అబద్ధంలా చెప్పిన నిజం.

వాడు చాయ్ అడిగి తాగాడు. అది చూసి అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "పోరడు మంచిగనే మాట్లాడుతుండు బిడ్డా. చాయ్ గూడ తాగిండు. మళ్ల దవాఖానకు తీస్కపోదామా?" అంది. ముఖం వెలిగిపోతోంది ముసలిదానికి. అప్పటికైనా నేను నోరు తెరిచి ఉండొచ్చు. అంబులెన్స్‌కు ఒక్క ఫోన్ చాలు. కానీ నేనేమన్నానో తెలుసా? "ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అవ్వా" అన్నాను. అంత మంచి సామెత ఆ గడియలో నా నాలుక మీదికి ఎలా వచ్చిందో! అవ్వ వెళ్లి వాడి కాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

తెల్లారి మళ్లీ నరాలు పగిలాయి. ఈసారి గొట్టం లేదు, బ్యాండ్లు లేవు, రక్తం ఎక్కించే సీసా లేదు. ఏం చేయాలో తెలిసిన నర్సు ఒకతి ఉంది, గోడకు ఆనుకుని నిలబడి.

ఎందుకు చేశాను? లత కోసమా? అవ్వ చేతి కోసమా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. నేను బతికిస్తే వాడు నా మాట తీసిపారేశాడు, అది నాకు పడలేదు. నా నెత్తిన పెట్టిన ఒట్టును వాడు తుంగలో తొక్కాడు, దానికి శిక్ష వేశాను. ఎవరు నేను వేయడానికి? ఉన్నా మళ్లీ తాగేవాడేమో, మళ్లీ కొట్టేవాడేమో, ఆర్నెల్లకు పోయేవాడేమో. ఏమో! ఆ ఏమో వాడి సొత్తు. నేను లాక్కున్నాను.

వాడు లేకుండా వాళ్లు బాగున్నారు, అదొకటి. పిల్లలు చదువుకుంటున్నారు. లత నవ్వుతుంది. "వదినె లేకుంటే మేమేమైదుమో" అని నలుగురిలో అంటుంది. అనకు తల్లీ అని అరవాలనిపిస్తుంది. వాళ్ల సుఖం చూసినప్పుడల్లా నా తప్పు కాస్త చిన్నదవుతుంది, అలా చిన్నదవుతున్నందుకే నా మీద నాకు మరింత మంటగా ఉంటుంది. ఇప్పటికీ వాడి మీద కోపం పోలేదు. చచ్చినవాడి మీద కోపం ఎక్కడ దించుకోవాలో తెలియదు.

అవ్వ ఇంకా ఉంది. వాడలో ఎవరింట్లో మనిషి పోయేలా ఉన్నా వెళ్లి కూర్చుంటుంది. రోగి కాస్త లేచి మాట్లాడితే, ఆ ఇంటివాళ్లు ఆశపడితే, "ఆశ పెట్టుకోకున్రి, ఆరిపోయే దీపానికి వెలుగెక్కువని నా బిడ్డ చెప్పింది, ఆమె నర్సు" అంటుందట. ఆ మాట విని ఎంతమంది ఆసుపత్రికి పోవడం మానుకున్నారో.

ఇక దాచను. అవ్వా, ఆ రోజు మెట్ల కింద నువ్వు అడిగావు, ఏమన్నడు బిడ్డా అని. ఆయన అన్నది ఇదీ:

"నెత్తురు ఆగింది సిస్టర్. గ్యారంటీ ఇయ్యలేను గని, నంబర్ మరీ ఖరాబ్ లేదు. జర కొన్ని రోజులు ఈడనే ఉండనియ్యిన్రి, నడుసుకుంట ఇంటికి పోతడు. పాపం, మీ అవ్వ పొద్దటి సంది ఏం తినలేదట. పరేషాన్ కావద్దని ముందు ఆమెకు చెప్పు."