అద్దాల పెట్టెలోని మైల

పంజాగుట్టలో చీరల దుకాణంలోకి అడుగు పెట్టగానే ఏసీ చలితో పాటు కలరా ఉండల వాసన ముక్కుకు తగిలితే, ఎంత మంచి బేరమైనా నేను మధ్యలో ఆగిపోతాను. అందరికీ అది బట్టల వాసన. నాకు మాత్రం చచ్చిపోయిన ఒక పిల్ల వాసన.

నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవులకు తెనాలి నుంచి అమీర్‌పేటలో పెదనాన్న అద్దెకుంటున్న ఇంటికి వచ్చాం. చార్మినార్ మెట్లెక్కి ఆయాసపడ్డాం, గోల్కొండలో చప్పట్లు కొట్టి అవి పైన వినబడ్డాయో లేదోనని పోట్లాడుకున్నాం, మధ్యాహ్నాలు కూలరు విసిరే తడిగడ్డి వాసనలో చాపల మీద వరసగా పడుకుని ఉస్మానియా బిస్కట్లు పంచుకున్నాం. నాలుగో రోజు మ్యూజియం. కత్తులూ పింగాణీ జాడీలూ దాటాక, వెలుతురు తక్కువై కలరా ఉండల వాసన కొడుతున్న ఒక గదిలో, అద్దాల పెట్టెలో, నల్లబడిన గుడ్డ చుట్టల మధ్య వేల ఏళ్ళనాటి ఈజిప్టు పిల్ల. పొడవులో నా అంతే ఉంది. ముక్కు ఆనించి చూశానేమో, అద్దం మసకబారింది. గౌను అంచుతో తుడిచాను. పోలేదు. మసక అవతలి వైపున ఉంది.

ఏం చూడబోతున్నామో పొద్దున్నే పెదనాన్న నోరు జారాడు కాబట్టి, తిరిగొచ్చేసరికి నాయనమ్మ గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. పెరట్లో కుళాయి దగ్గర నిండు బిందెలు.

"శవాన్ని చూసొచ్చారు. స్నానం చెయ్యకుండా గడప దాటితే ఊరుకోను."

మెట్ల మీద చింతపండు గింజలు తీస్తున్న ఇంటి యజమానురాలు యాదమ్మ నవ్వింది. "ఏందమ్మా, గా అద్దాల పెట్టెలున్నదానికి సుత మైలనా? టికెట్ కొని చూసొచ్చిండ్రు గదా!"

"టికెట్ కొంటే చావు కాకుండా పోతుందేంటి?"

ఊరుకునే రకాన్ని నేను అప్పుడూ కాదు. "మైల పదకొండు రోజులే కదా నాయనమ్మా? అది పోయి వేల ఏళ్ళయింది!"

"కర్మ చేసేవాళ్ళు లేకపోతే పదకొండో రోజు ఎలా వస్తుందే? దానికింకా మొదటి రోజే."

అందరూ చేశారు. చివరి వంతు నాది. పంతం కొద్దీ జడ కొసలు తడుపుకుని, విప్పిన గౌను బిందెలో ముంచి దండెం మీద ఆరేసి, పొడి ఒంటితో లోపలికి వెళ్ళాను. నాయనమ్మ నమ్మింది.

మర్నాడు మధ్యాహ్నం చాప మీద, నన్ను ఆనుకుని పడుకున్న నాలుగేళ్ళ చెల్లెలు చిన్ని గొణిగింది. "మనిద్దరి మధ్య పడుకున్న అక్కని జరగమనవే. చల్లగా ఉంది."

మా మధ్య జానెడు చోటు కూడా లేదు.

సాయంత్రానికి దానికి ఒళ్ళు కాలిపోయింది. యూసుఫ్‌గూడ డాక్టరు వడదెబ్బ అన్నాడు. రెండు రోజులు మందు వేసినా జ్వరం దిగలేదు. అమ్మ తడిగుడ్డ వేస్తూనే ఉంది, చిన్ని మాత్రం ఎవరికో చోటు వదులుతున్నట్టు చాప అంచుకు జరిగిపోతూనే ఉంది. నా అబద్ధం చెల్లెల్ని తినేస్తోందని అర్థమై, మూడోనాడు పొద్దున్న నాయనమ్మకు చెప్పేశాను.

కొట్టలేదు. పెరట్లో బట్టలుతికే రాయి మీద నిలబెట్టి నా నెత్తిన బిందె కుమ్మరించింది. రెండో బిందె ఎత్తి, నా పక్కన ఖాళీగా ఉన్న రెండో రాయి మీద, సరిగ్గా నా తల ఎత్తు నుంచి, నెమ్మదిగా పోసింది. "నువ్వూ చేసెయ్యమ్మా. నీవాళ్ళు మర్చిపోయారు."

మే నెల ఎండ. నేను నిలబడ్డ రాయి క్షణాల్లో ఆరింది. రెండోది పొద్దుగూకే దాకా తడిగానే ఉంది. ఆ వేళకే చిన్ని జ్వరం దిగి అన్నమడిగింది. మందు పనిచేయడానికి మూడు రోజులు పట్టిందని నేను ఎవరితోనైనా వాదిస్తాను, గెలుస్తాను కూడా.

ఆ ఇల్లు ఇప్పుడు కోచింగు పిల్లల హాస్టలు. పెరడు లేదు, కుళాయి లేదు, గేటుకు అడ్డం నిలబడే నాయనమ్మ లేదు. నేనుండేది పంజాగుట్టలో అయిదో అంతస్తు. పోయిన నెల చిన్ని తన ఇద్దరు పిల్లలకూ అదే మ్యూజియం చూపించి నేరుగా మా ఇంటికొచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే, జన్మంతా మైలను వెక్కిరించిన నేను, "ఆగండి, స్నానం చేసి రండి" అన్నాను.

"ఎక్కడ చెయ్యమంటావే అక్కా, లిఫ్టులోనా?" అని నవ్వుతూ అది లోపలికి నడిచింది.

నిజమే. ఈ ఇళ్ళలో నీళ్ళు గడపకు లోపలే ఉంటాయి. ఏది వెంట వచ్చినా ముందు లోపలికి రావాలి, తరవాతే కడుక్కోవాలి. ముగ్గురూ వెళ్ళిపోయాక తలుపు వెయ్యబోయి, ఎందుకో, ఇంకో మనిషి దాటేంత సేపు ఆగాను.