గోదాం గేటు బయట పెద్ద కెమెరా

శనివారం ఫొటోగ్రఫీ క్లాసులో పాఠం చెప్పే పెద్దాయన మొదటిరోజే బల్ల మీద అరడజను పుస్తకాలు పరిచాడు. పెద్ద ఫిల్ము కెమెరాతో పేరు తెచ్చుకున్నవాళ్లవి. మంచు కొండలు, ఎండిన నదులు, రాళ్లు, మళ్లీ కొండలు. అందంగానే ఉన్నాయి. మనిషి జాడ మాత్రం లేదు. ఒక్క పుస్తకంలోనే తాపీపనివాళ్లు, వంటవాళ్లు తమ పనిబట్టల్లో నిలబడి సూటిగా చూస్తున్నారు. దాన్ని వదలలేకపోయాను.

నేను ఊరి శివారు ట్రుగనీనాలో ఒక గోదాంలో పార్సిళ్లు ప్యాక్ చేస్తాను. చదువుకోడానికి ఈ దేశం వచ్చి, శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ వచ్చాక ఇక్కడే ఉండిపోయాను.

"నేను మనుషుల్ని తీస్తాను" అన్నాను పెద్దాయనతో.

"ముందు కొండలు తియ్యి. అవి కదలవు. పైగా ఈ పెద్ద కెమెరా నీకు బరువు, చిన్నది ఇస్తాను" అన్నాడు.

రోజంతా పెట్టెలెత్తే చేతులు నావి. పెద్దదాన్నే స్టాండుతో సహా భుజాన వేసుకుని కారుదాకా నడిచాను.

నేర్చుకోవడం తేలిక కాలేదు. నల్లగుడ్డ కప్పుకుని వెనక అద్దంలోకి చూస్తే లోకం తలకిందులుగా ఉంటుంది. ఒక్కో ఫొటోకు అరచేయంత ఫిల్ము షీటు ఒకటి. దాన్ని చీకట్లో చట్రంలో పెట్టుకుని రావాలి, ఫొటో తీసే ముందు చట్రం మూత లాగాలి. మొదటి రెండుసార్లు మూత లాగడం మరిచి ఖాళీ షీట్లు కడిగాను.

గోదాంలో నా పక్కన నిలబడే ఆంటీది తెనాలి. అరవై దాటాయి. మీ ఫొటో తీయనా అని అడిగాను.

"ఫోన్‌లో తియ్యొచ్చుగా అమ్మా, ఆ డబ్బా ఎందుకు?"

"ఫోన్‌లో వందలు తీస్తాం ఆంటీ, ఎవరూ చూడరు."

"సరే. చీర కట్టుకుని రానా?"

"వద్దు. ఈ యూనిఫామ్‌లోనే."

"అయితే నవ్వమని మాత్రం అడక్కు. షిఫ్ట్ అయ్యాక నాకు నవ్వు రాదు."

మర్నాడు షిఫ్ట్ దిగాక ఆమెను గేటు బయట గోడ ముందు నిలబెట్టాను. కెమెరా బిగిస్తుండగానే గార్డు వచ్చాడు. ఇక్కడ ఫొటోలు తీయకూడదన్నాడు.

"ఇది కౌన్సిల్ ఫుట్‌పాత్, కంపెనీది కాదు" అన్నాను.

"మేనేజర్‌కి చెప్తాను."

"చెప్పు. మా పేర్లు ఆయనకి తెలుసు."

అన్నానే గానీ భయం వేసింది. ఉద్యోగం పోతుందేమో. ఆంటీ అతనివైపు చూడనేలేదు. "నువ్వు కానియ్యమ్మా" అంది. గాలి తగ్గేదాకా ఆగి, మూత లాగి, మీట నొక్కాను. ఒక్క సెకను. ఆమె రెప్ప వేయలేదు.

తెల్లారి మేనేజర్ పిలిచి ఇంకోసారి వద్దన్నాడు. "డ్యూటీలో తియ్యలేదు, లోపల తియ్యలేదు. మళ్లీ తీస్తాను" అన్నాను. వార్నింగ్ లెటర్ మాత్రం రాలేదు.

ఏడాది చివర మా క్లాసు ప్రదర్శన పెట్టారు. హాలు నిండా కొండలే. నా ఫొటో మిగతావాటితో కలవదని, టాయిలెట్ల దారిలో తగిలించమన్నాడు పెద్దాయన.

"కలవదు. అందుకే తలుపుకి ఎదురుగా పెడతాను" అని నేనే మేకు కొట్టాను.

ఆయన ముఖం ముడుచుకున్నాడు. కాసేపయ్యాక మాత్రం కళ్లజోడు సవరించుకుని ఫొటోకి బాగా దగ్గరగా వెళ్లాడు. ఆంటీ వేళ్లకు అంటుకున్న ప్యాకింగ్ టేపు ముక్కలు, గోళ్ల పగుళ్లు అన్నీ కనిపిస్తున్నాయి.

"ఇంత వివరం వచ్చిందే" అన్నాడు మెల్లగా.

"పెద్ద కెమెరా తీసుకుంది దానికే."

ఆంటీ మనవరాలిని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. అమ్మమ్మ ఎందుకంత కోపంగా ఉందని ఇంగ్లిష్‌లో అడిగింది.

"కోపం కాదు. పనిలో నేనిలాగే ఉంటాను. నువ్వెప్పుడూ చూళ్లేదు" అంది ఆంటీ.

పిల్ల ఫొటో ముందే చాలాసేపు నిలబడింది.

తర్వాతి వారం మా లైన్‌లో ఇంకో ముగ్గురు తమను కూడా తీయమన్నారు. అదే ఫుట్‌పాత్ మీద, షిఫ్ట్ దిగాక, అదే యూనిఫామ్‌లో తీశాను. గార్డు చూస్తూ నిలబడ్డాడు, మేనేజర్‌కి చెప్పడానికి ఫోన్ మాత్రం తీయలేదు.